అమెరికా సరిహద్దు భద్రతా తనిఖీల మీద ప్రభుత్వ నివేదిక వస్తే ఎలా చదవాలి

అమెరికా దక్షిణ సరిహద్దు గురించి మన ఫోన్లలోకి వచ్చే వార్తలు ఎక్కువగా రెండు రకాలు. ఉగ్రవాదులు వందల్లో దాటి వచ్చేశారని చెప్పేవి కొన్ని, అదంతా ఉత్త ప్రచారమని కొట్టిపారేసేవి కొన్ని. రెండు వర్గాలూ ఆధారంగా చూపించేది చాలాసార్లు ఒకే ప్రభుత్వ పట్టిక. దాన్ని మీరే తెరిచి చదువుకోగలిగితే ఇంకొకరు చెప్పే అర్థం మీద ఆధారపడాల్సిన అవసరం ఉండదు. అమెరికాలో పిల్లలో తోబుట్టువులో ఉన్న కుటుంబాలకు ఇది మరీ దూరపు సంగతి కూడా కాదు. 2023 ఆర్థిక సంవత్సరంలో అక్కడి సరిహద్దు అధికారుల లెక్కల్లోకి భారతీయులు ఎక్కిన సందర్భాలు 96,917. ఒక తప్పుడు వాక్యం పదిమందికీ ఫార్వర్డ్ అయితే దాని బరువు మోసేది అక్కడ బతుకుతున్న మామూలు మనుషులే. అందుకే కాస్త ఓపిక పట్టి చదవమని అడుగుతున్నాను.

ముందు రాసిందెవరో చూడండి

అంకె దగ్గరికి వెళ్లకముందే ఆ కాగితం ఏ ఆఫీసు నుంచి వచ్చిందో చూసుకోండి. సరిహద్దు భద్రత మొత్తం చూసే పెద్ద శాఖ హోంల్యాండ్ సెక్యూరిటీ, అంటే డీహెచ్‌ఎస్. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత, 2002లో చేసిన చట్టంతో ఏర్పడింది. దాని కింద సరిహద్దులో పనిచేసేది సీబీపీ. లోపల అరెస్టులు, నిర్బంధం, వెనక్కి పంపడం చూసేది ఐస్. సీబీపీ నెలనెలా తన పట్టికలు తానే వెల్లడిస్తుంది. అవి ఆ ఆఫీసు తన పని గురించి తాను వేసుకున్న లెక్క. ఎంతమంది తారసపడ్డారో చెబుతాయి, పని ఎంత బాగా చేశారో చెప్పవు.

పని ఎలా జరిగిందో తెలియాలంటే ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదికలు వెతకాలి. 1978 నాటి చట్టం కింద ప్రతి పెద్ద శాఖలోనూ ఇలాంటి స్వతంత్ర తనిఖీ విభాగం ఉంటుంది. శాఖలోనే ఉంటూ ఆ శాఖ తప్పులే బయటపెట్టడం దాని పని. కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, తరఫున ఆడిట్ చేసే సంస్థ ఇంకొకటి ఉంది, దాన్ని జీఏఓ అంటారు. నావరకు, తనిఖీల్లో లోపాల గురించి ఎవరైనా మాట్లాడితే ఈ రెండు చోట్లా ఏముందో చూడకుండా నమ్మను.

ఇక కాంగ్రెస్ కమిటీల సిబ్బంది రాసే నివేదికలు. ఇవి ఆ కమిటీలో మెజారిటీ ఉన్న పార్టీ పేరు మీద వస్తాయి. ఉదాహరణకు 2024 ఆగస్టులో, రిపబ్లికన్ల ఆధీనంలో ఉన్న ప్రతినిధుల సభ న్యాయ కమిటీ ఒక నివేదిక ఇచ్చింది. 2021 నుంచి 2023 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఉగ్రవాద అనుమానితుల జాబితాలో ఉన్నవాళ్లు 250 మందికి పైగా సీబీపీలోని బోర్డర్ పెట్రోల్ విభాగానికి చిక్కితే, వారిలో కనీసం 99 మందిని దేశంలోకి వదిలేశారని అందులో ఉంది. పార్టీ రాసింది కాబట్టి పక్కన పడేయమని నేను చెప్పడం లేదు. శాఖ నుంచి తెప్పించుకున్న సమాచారం అది. కాకపోతే ఏది ముందు పెట్టాలో, ఏది అడుగున పెట్టాలో ఎంచుకున్నది ఆ పార్టీయే. అలాంటి నివేదికను ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదికతో పక్కపక్కన పెట్టుకుని చదవండి.

ఏ కాలానికి, ఎన్ని సార్లకు

అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. పట్టికలో 2023 అని ఉంటే అది 2022 అక్టోబర్ నుంచి 2023 సెప్టెంబర్ దాకా. ఒక అధ్యక్షుడి ఖాతాలో వేయాల్సింది ఇంకొకరి ఖాతాలో పడేది ఎక్కువగా ఇక్కడే. కొత్త అధ్యక్షుడు జనవరి 20న వస్తాడు, అప్పటికి ఆ ఆర్థిక సంవత్సరంలో మూడు నెలలకు పైగా గడిచిపోయి ఉంటుంది.

పట్టికల్లో ఎన్‌కౌంటర్ అన్న మాట కనిపిస్తుంది. ఒక మనిషి అధికారులకు ఒకసారి ఎదురుపడితే ఒక ఎన్‌కౌంటర్. అదే మనిషి వెనక్కి వెళ్లి మళ్లీ వస్తే రెండోది. 2020 మార్చి నుంచి 2023 మే 11 వరకు టైటిల్ 42 అనే ఆరోగ్య అత్యవసర నిబంధన అమల్లో ఉండేది. దాని కింద చాలామందిని కేసు పెట్టకుండానే వెంటనే సరిహద్దు అవతలికి పంపేసేవారు. శిక్ష లేదు కాబట్టి జనం మళ్లీ మళ్లీ ప్రయత్నించారు. ఒకే ఏడాదిలో రెండోసారి, మూడోసారి పట్టుబడేవారి వాటా 2019లో 7 శాతం ఉంటే 2021లో 27 శాతానికి చేరింది. ఆ ఏళ్ల మొత్తాలను మనుషుల సంఖ్యగా చెప్పారంటే, చెప్పినవాళ్లు పట్టిక కింద ఉన్న గమనిక చదవలేదన్నమాట.

ఎక్కడ జరిగిందో వేలు పెట్టి చూడండి

ఎక్కువమంది తడబడేది ఈ దశలోనే. సీబీపీలో సరిహద్దు మీద పనిచేసే విభాగాలు రెండున్నాయి. అధికారిక ప్రవేశ ద్వారాల దగ్గర, అంటే వంతెనలు, చెక్‌పోస్టుల దగ్గర పాస్‌పోర్టులు చూసేది ఒకటి. ఆ ద్వారాల మధ్య ఉన్న ఎడారిలో, నదిగట్ల మీద దొంగదారిన దాటేవారిని పట్టుకునే బోర్డర్ పెట్రోల్ ఇంకొకటి. అనుమానితుల జాబితాతో కలిసిన కేసుల్ని సీబీపీ రెండు వేర్వేరు పట్టికలుగా ఇస్తుంది. ఆ రెండింట్లోనూ దక్షిణ సరిహద్దుకి ఒక గడి, ఉత్తరాన కెనడా సరిహద్దుకి ఒక గడి ఉంటాయి.

2023 ఆర్థిక సంవత్సరం వరస మీద వేలు పెట్టి చూడండి. బోర్డర్ పెట్రోల్ పట్టికలో దక్షిణాన 169, ఉత్తరాన 3. ప్రవేశ ద్వారాల పట్టికలో దక్షిణాన 80, ఉత్తరాన 484. నాలుగు గడుల్లోనూ పెద్ద అంకె కెనడా వైపు చెక్‌పోస్టులది. వాళ్లు దొంగచాటుగా దాటినవాళ్లు కారు, కౌంటర్ దగ్గరికి వచ్చి కాగితాలు చూపించిన ప్రయాణికులు. ఈ నాలుగింటినీ కలిపేసి మెక్సికో సరిహద్దులో దొరికినవాళ్లు 700 మందికి పైగా అని ఎవరైనా రాస్తే కూడిక సరిపోతుంది, వాక్యం మాత్రం అబద్ధం అవుతుంది.

ఇలాంటిది నిజంగానే జరిగింది. 2019 జనవరిలో సరిహద్దు గోడ మీద గొడవ నడుస్తున్నప్పుడు, తెలిసిన లేదా అనుమానిత ఉగ్రవాదులు దాదాపు 4,000 మంది అని వైట్‌హౌస్ ప్రెస్ సెక్రటరీ టీవీలో చెబుతూ దక్షిణ సరిహద్దుతో ముడిపెట్టి మాట్లాడారు. ఆ సంఖ్యకు మూలం 2017 ఆర్థిక సంవత్సరానికి డీహెచ్‌ఎస్ చెప్పిన 3,755. అది విమానాలు సహా అన్ని దారుల్లో అమెరికాకు రావాలని ప్రయత్నించి ఆగిపోయినవారి లెక్క. అదే ఏడాది దక్షిణ సరిహద్దులో బోర్డర్ పెట్రోల్ పట్టికలో ఉన్న అంకె 2.

జాబితాలో ఉండటం అంటే ఏమిటి

ఆ జాబితాను ఎఫ్‌బీఐ ఆధ్వర్యంలోని స్క్రీనింగ్ సెంటర్ నడుపుతుంది. 2003 నుంచీ ఉంది. అందులో పేరు ఎక్కడానికి కోర్టు తీర్పు అక్కర్లేదు, సహేతుకమైన అనుమానం ఉంటే చాలు. నేరుగా అనుమానం ఉన్నవాళ్లతో పాటు వాళ్లతో సంబంధాలున్న కొందరి పేర్లు కూడా ఉంటాయి. కాబట్టి జాబితాతో పేరు కలిసింది అన్నంతవరకు రాయవచ్చు. ఉగ్రవాది పట్టుబడ్డాడు అని రాయాలంటే ఇంకా చాలా రుజువు కావాలి.

ఏ సంస్థలు ఉగ్రవాద ముద్ర కిందికి వస్తాయో కూడా చూడాలి. కొలంబియాలో దశాబ్దాలపాటు పోరాడిన ఫార్క్ గెరిల్లా సంస్థను అమెరికా 1997లో విదేశీ ఉగ్రవాద సంస్థగా ప్రకటించి, 2021 నవంబర్ 30న ఆ సంస్థల జాబితా నుంచి తీసేసింది (ఇది మనుషుల పేర్లుండే అనుమానితుల జాబితా కాదు). శాంతి ఒప్పందం ఒప్పుకోని చీలిక వర్గాలను మాత్రం అదే రోజు చేర్చింది. ఆ తర్వాతి ఏడాదిలోనే దక్షిణ సరిహద్దుకు వచ్చే కొలంబియన్ల సంఖ్య వేలల నుంచి లక్ష దాటింది. ఇలాంటి సంస్థలతో సంబంధం ఉన్నవాళ్ల పేర్లు అనుమానితుల జాబితాలో ఉండవచ్చు కాబట్టి, బోర్డర్ పెట్రోల్ లెక్కలో జాబితా కేసులు 2021లో 15 ఉన్నవి 2022లో 98కి, 2023లో 169కి పెరగడాన్ని ఈ నేపథ్యం లేకుండా చదివితే సగమే అర్థమవుతుంది.

2025 తర్వాత అంకెలతో మరీ జాగ్రత్త. ఆ ఏడాది ఫిబ్రవరి 20న ఎనిమిది ముఠాలను విదేశీ ఉగ్రవాద సంస్థలుగా ప్రకటించారు. సినలోవా వంటి మెక్సికో డ్రగ్ ముఠాలతో పాటు వెనిజులాకు చెందిన ట్రెన్ దె అరాగ్వా, ఎంఎస్-13 అనే మరో ముఠా అందులో ఉన్నాయి. నిన్నటిదాకా మాదకద్రవ్యాల నేరస్తుడు అనిపించుకున్నవాడు ఇవాళ ఉగ్రవాద సంస్థ సభ్యుడు అనిపించుకుంటాడు. ఈ నిర్ణయం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. చదివేవాళ్లుగా మనం గుర్తుపెట్టుకోవాల్సింది, 2024 అంకెనూ 2025 అంకెనూ ఒకే గీత మీద పెట్టి పెరిగింది, తగ్గింది అనకూడదని.

స్పెషల్ ఇంట్రెస్ట్ అని ఇంకో వర్గం పేరు వినిపిస్తుంది. ప్రయాణించిన దారి, వచ్చిన తీరు చూసి ఇంకొంచెం లోతుగా విచారించాలి అనుకున్నవాళ్లు వీళ్లు. వీళ్లంతా ఉగ్రవాదులని దానర్థం కాదని డీహెచ్‌ఎస్ స్వయంగా 2019లోనే రాసింది.

మొత్తంలో ఎంత, పెరిగింది ఎంత

2023లో దక్షిణ సరిహద్దులో బోర్డర్ పెట్రోల్ పట్టివేతలు 20 లక్షల 45 వేలకు పైగా. అందులో 169 అంటే 12 వేలల్లో ఒకటి. ఈ మాట చెప్పగానే కొందరు ఇక భయమే లేదు అని తేల్చేస్తారు. నాకు అది నచ్చదు. 2021లో పట్టివేతలు 16 లక్షల 59 వేలు. రెండేళ్లలో అవి పావు వంతు కంటే తక్కువే పెరిగాయి, జాబితా కేసులు మాత్రం పదకొండు రెట్లయ్యాయి. జనం ఎక్కువ వచ్చారు కాబట్టి కేసులు ఎక్కువయ్యాయి అన్న వివరణ ఒక్కటే దీనికి సరిపోదు. వచ్చినవాళ్ల దేశాలు మారాయా, జాబితా మారిందా, నిజంగానే ముప్పు పెరిగిందా అని విడివిడిగా అడగాలి. ఇంకోపక్క, సెప్టెంబర్ 11 దాడి చేసిన 19 మందీ వీసాలతో విమానాల్లో దిగినవాళ్లే అన్నది కూడా మర్చిపోకూడదు. తనిఖీ అంటే ఎడారిలో జరిగేది మాత్రమే కాదు.

తనిఖీ ఎక్కడ తెగిపోతుందో ఒక కేసులో చూడండి

అంకెల కంటే నేను ఎక్కువ సమయం పెట్టేది ఇలాంటి ఒక్కొక్క కేసు మీద. పట్టుబడినవారి ఫొటో, వేలిముద్రలు, పేరు, పుట్టిన తేదీ తీసుకుని అమెరికా డేటాబేస్‌లలో వెతుకుతారు. వేలిముద్ర కలిస్తే పని సులువు. పేరూ పుట్టిన తేదీ మాత్రమే కలిస్తే అది ఈ మనిషేనా కాదా అని తేల్చాలి. స్వదేశంలో ఉన్న నేరచరిత్ర ఆ దేశం పంచుకుంటే తప్ప ఇక్కడ కనిపించదు. కెమెరాకు చిక్కి, మనిషి చిక్కకుండా పోయినవాళ్లకు అసలు తనిఖీయే జరగదు.

2023 జూన్‌లో డీహెచ్‌ఎస్ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఒకే ఒక్క మనిషి కేసు మీద నివేదిక ఇచ్చారు. ఎవరైనా ఒక్కటే చదువుతాను అంటే నేను ఇదే చదవమంటాను. 2022 ఏప్రిల్ 17న అరిజోనాలోని యూమా దగ్గర సరిహద్దు దాటిన ఒక వ్యక్తిని బోర్డర్ పెట్రోల్ పట్టుకుంది. పేరు వెతికితే జాబితాలోని ఒకరితో కలిసినట్టూ కలవనట్టూ వచ్చింది. ఖాయం చేసుకోవడానికి స్క్రీనింగ్ సెంటర్ మరికొంత సమాచారం అడిగింది. ఆ వ్యక్తిని ఇంటర్వ్యూ చేయాలన్న అభ్యర్థనను సీబీపీ తప్పు ఈమెయిల్ అడ్రస్‌కు పంపింది. సెంటర్ అడిగిన సమాచారం చేతికి వచ్చినా దాన్ని పంపలేదు. యూమాలో అప్పుడు రద్దీ విపరీతంగా ఉంది, త్వరగా పంపించేయాలన్న ఒత్తిడి ఉంది. ఏప్రిల్ 19న ఆ మనిషిని వదిలేశారు. రెండు రోజుల తర్వాత కాలిఫోర్నియాలోని పామ్ స్ప్రింగ్స్ విమానాశ్రయంలో ఫ్లోరిడాలోని టాంపాకు విమానం ఎక్కబోతున్నప్పుడు జరిగిన తనిఖీతో అది జాబితాలోని మనిషే అని ఖాయమైంది. ఐస్ అధికారులు అరెస్టు చేసింది మే 6న. మధ్యలో రెండు వారాలు. ఆఫీసుల మధ్య సమాచారం సమయానికి అందకపోవడం ఆ ఆలస్యానికి కారణమని నివేదిక రాసింది.

ఈ కేసులో యంత్రం తన పని చేసింది, మొదటి రోజే అనుమానం లేవనెత్తింది. తెగింది మనుషుల మధ్య. ఇలాంటి నివేదిక చదివేటప్పుడు ఒక కాగితం మీద తేదీలు వరసగా రాసుకోండి. ఏ రోజు ఎవరికి ఏం తెలుసు అన్నది పక్కన రాయండి. లోపం డేటాబేస్‌దా, సిబ్బంది కొరతదా, ఆదేశాలదా అన్నది ఆ వరసలోనే బయటపడుతుంది. కమిటీ చెప్పిన 99 లాంటి అంకెల గురించి కూడా ఈ వరస అడగాలి. వదిలేటప్పటికే జాబితా సంగతి తెలుసా, తర్వాత తెలిసిందా? రెండు సందర్భాల్లో జవాబు చెప్పాల్సినవాళ్లు వేరు.

సరిహద్దు ఒక్కటే చూడకండి. 2024 జూన్‌లో ఇదే ఇన్‌స్పెక్టర్ జనరల్ ఇచ్చిన మరో నివేదికలో, ఏళ్ల తరబడి ఆశ్రయం దరఖాస్తులు పెండింగ్‌లో ఉన్న 4 లక్షల మందికి పైగా దరఖాస్తుదారులకు మధ్యలో మళ్లీ తనిఖీ జరగలేదని ఉంది. భూసరిహద్దు ద్వారాల దగ్గర వాహనాల్లో వచ్చే ప్రయాణికులందరి వివరాలూ ఒకే తీరుగా వెతకడం లేదని కూడా. తనిఖీ ఒకసారి చేసి ముగించే పని కాదు కాబట్టి, నా దృష్టిలో యూమా కేసు కంటే ఇది పెద్ద సంగతి. వార్తల్లో మాత్రం చాలా తక్కువ కనిపించింది.

నిల్వ లెక్కను రాక లెక్కగా చదవకండి

2024 సెప్టెంబర్‌లో ఐస్ ఒక కాంగ్రెస్ సభ్యుడికి రాసిన లేఖలో, హత్యా నేరం రుజువై, ఐస్ నిర్బంధంలో లేని విదేశీయులు 13,099 మంది అని ఉంది. అది బయటికి రాగానే అప్పటి ప్రభుత్వం హంతకులను ఈ మధ్యే సరిహద్దు దాటించి వదిలేసిందన్నట్టుగా ప్రచారం అయింది. లేఖలో ఉన్నది 2024 జూలై 21 నాటికి ఫైళ్లలో ఉన్నవాళ్ల లెక్క. దశాబ్దాల కిందట వచ్చినవాళ్లు అందులో ఉన్నారని, ఐస్ దగ్గర కాకుండా వేరే జైళ్లలో శిక్ష అనుభవిస్తున్నవాళ్లు కూడా అందులోనే ఉన్నారని డీహెచ్‌ఎస్ తర్వాత వివరణ ఇచ్చింది. ఫలానా తేదీ నాటికి అని కనిపిస్తే అది పేరుకుపోయిన మొత్తం. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని ఉంటే అది ఆ కాలంలో వచ్చినది. ఒకదాన్ని ఇంకొకదాని చోట పెట్టినందువల్లే అంత గొడవ జరిగింది.

చివరి పేజీలు వదలకండి

ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక చివర శాఖ ఇచ్చిన జవాబు ఉంటుంది. సిఫార్సు ఒప్పుకున్నారా లేదా, ఎప్పటికి పూర్తిచేస్తామన్నారు అన్నది అక్కడే దొరుకుతుంది. ఒప్పుకోని సిఫార్సు ఏదైనా ఉంటే దాని కింద రెండు పక్షాల వాదన కూడా ఉంటుంది, మొత్తం నివేదికలో నిజాయితీగా గొడవపడే చోటు అదే. నల్లగా కొట్టేసిన వాక్యాలు భద్రత లాంటి కారణాల మీద దాచినవి. వాటిని చూసి ఏదో కుట్ర అని ఊహించుకోవద్దు. ఆ ఖాళీల్లో ఏముందో తెలుసని చెప్పేవాళ్లని కూడా నమ్మొద్దు.

ఇక మీరు రాసే వాక్యం

ఎవరికైనా పంపే ముందు ఏడాది, చోటు, విభాగం, దేనితో కలిసింది, మొత్తం ఎంత అన్న అయిదూ ఒకే వాక్యంలో ఉండేట్టు చూసుకోండి. ఇలా ఉంటే చాలు: 2023 ఆర్థిక సంవత్సరంలో మెక్సికో సరిహద్దులో, ప్రవేశ ద్వారాలు కాని చోట్ల, బోర్డర్ పెట్రోల్ చేసిన 20 లక్షల 45 వేల పట్టివేతల్లో 169 సార్లు పట్టుబడినవారి వివరాలు ఉగ్రవాద అనుమానితుల జాబితాతో కలిశాయి. పొడుగ్గా ఉంటుంది, అయినా కుదించకండి. పట్టిక చూసిన తేదీ కూడా కింద వేయండి, ఎందుకంటే సీబీపీ పాత అంకెలను కూడా తర్వాత సవరిస్తూ ఉంటుంది. వాళ్లను వదిలేశారా అని ఎవరైనా అడిగితే ఈ పట్టికలో ఆ జవాబు ఉండదని చెప్పి, ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదికనూ కమిటీ నివేదికనూ రెండూ పంపండి.